మొదటి సగం ఆయనది

"చివరికి ఆ పెద్దాయన రైలెక్కాడా లేదా?"

ఆయన ఈ ప్రశ్న కింది మెట్ల మీదనుంచే వేశాడు. ఆమె అప్పటికి గుమ్మంలో నిలబడి, ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోదాని కోసం కాలితోనే తడుముతోంది.

"ఎక్కాడు. ఎక్కి మళ్ళీ దిగిపోయాడు."

"దిగిపోయాడా! మరి కూతురు?"

"అది వేరే పెట్టెలో కూర్చుంది. ఈయన దిగిన సంగతి దానికి తెలీదు. బండి కదిలిపోయింది."

"అంతేనా?"

"అంతే. పేర్లు పడిపోయాయి."

ఆయన మెట్ల మలుపులో ఆగి, గోడకి చెయ్యి ఆనించి, కాసేపు ఆ పెద్దాయన గురించి బాధపడ్డాడు. రాత్రంతా గోదాము గేటు దగ్గర కూర్చుని వచ్చిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నీలం చొక్కా వీపు మీద కుర్చీ అల్లిక అచ్చుపడి ఉంది. చేతిలో ఖాళీ క్యారియరు.

"కుక్క ఏమైంది?"

"బాగానే ఉంది. స్టేషన్లో ఎవరో చేరదీశారు."

"అదీ మాట," అన్నాడాయన, పెద్ద బరువు దిగినట్టు. అయినా మలుపు దగ్గరనుంచి కదల్లేదు. ఈమధ్య అక్కడ తరచు ఆగుతున్నాడు. ఎందుకాగావంటే "ఇంటర్వెల్" అంటాడు. ఆ మాటకి ఆమెకి రోజూ నవ్వొచ్చేది. ఇవాళ మాత్రం ఆయన మొహం పాలిపోయినట్టుందే అనిపించింది.

"ఒంట్లో బాగుందా?"

"నిద్ర లేక. పడుకుంటే అదే సర్దుకుంటుంది. సాయంత్రం సంగతి గుర్తుందా?"

"నాకు గుర్తు చేస్తున్నావా? ఆదివారాలు తాకట్టు పెట్టి తెచ్చుకున్న సెలవు నాది," అంటూ ఆమె మెట్లు దిగింది. పక్కనుంచి వెళ్తూ ఆయన చొక్కా కాలరు సరిచేసింది. బస్సు టైమైంది, ఇంకేం చెయ్యడానికీ వీల్లేకపోయింది.

వాళ్ళిద్దరూ ఒక సినిమాని మొదటినుంచి చివరిదాకా చూసి చాలా ఏళ్ళయింది. ఆయనది రాత్రి కాపలా. ఆమెది పెద్దాసుపత్రి బట్టల గదిలో పగటి పని. ఆమె బయల్దేరే వేళకి ఆయన వస్తాడు, ఆయన బయల్దేరే వేళకి ఆమె వస్తుంది. పక్క ఎప్పుడూ చల్లారని ఇల్లది. ఒకరు లేచాక ఇంకొకరు పడుకుంటారు. సంసారమంతా గుమ్మం దగ్గరా బస్టాపు బల్ల మీదా నడుస్తుంది. పోట్లాడుకోవడానికి కూడా తీరిక ఉండదు కాబట్టి అన్యోన్యమైన జంటని పేరొచ్చింది.

కూతురు కొత్త టీవీ కొనుక్కుని పాతది వీళ్ళకి ఇచ్చినప్పుడు, తన సినిమాల చందా ఖాతానే అందులోనూ పెట్టింది. ఖాతాలో ఒక్క చోటే మిగిలిందట. అల్లుడూ, పిల్లలూ, అల్లుడి తమ్ముడూ మిగతావన్నీ ఆక్రమించేశారు. ఆ మిగిలిన చోటుకి "అమ్మ" అని పేరు పెట్టి పోయింది. టీవీ పెట్టగానే "అమ్మ కోసం ఎంచిన సినిమాలు" అని పడుతుంది. "చూశావా, వీడు కూడా నీకే మర్యాద చేస్తాడు. ఇంట్లో మగాడున్నాడని వీడికి తెలీదు," అని ఆయన కొన్నాళ్ళు టీవీతో అలిగాడు. తర్వాత ఆ అమ్మ పేరు మీదే సినిమాలు చూడ్డం మొదలుపెట్టాడు.

ఆ ఖాతాలో ఒక సదుపాయముంది. ఎవరు ఎక్కడ ఆపితే అక్కడ ఒక ఎర్రగీత నిలబడిపోతుంది. మళ్ళీ నొక్కితే అక్కడినుంచే నడుస్తుంది. మధ్యాహ్నం లేచి ఆయన చూసేవాడు, సగంలో డ్యూటీకి పోయేవాడు. ఆమె సాయంత్రం వచ్చి నొక్కితే ఆయన ఆపిన చోటినుంచి వచ్చేది. మొదట్లో విసుక్కుంది. వెనక్కి తిప్పి చూద్దామంటే కళ్ళు మూతలు పడేవి, ముగింపుకి చేరేలోపు గురకే. అందుకని ఒక ఏర్పాటు కుదిరింది. మొదటి సగం ఆయనది, రెండో సగం ఆమెది. బస్టాపులో ఆమె బస్సు దిగాక, ఆయన బస్సు వచ్చేదాకా ఆయన తన సగం చెప్తాడు. మర్నాడు పొద్దున్న గుమ్మంలో ఆమె తన సగం చెప్తుంది. ఎక్కడ ఆపాలో ఆయనకి బాగా తెలుసు. తలుపు తెరుచుకుంటుంది, అవతల ఎవరున్నారో చూపించరు. సరిగ్గా అక్కడ ఆపేసి, రిమోటుని ఆమె కుర్చీలో దిండు మీద పెట్టి వెళ్ళేవాడు.

బస్సులో ఆమెకి సీటు దొరకలేదు. ఊగే కడ్డీ పట్టుకుని సాయంత్రం గురించి ఆలోచించింది. ఆయన వారపు సెలవు ఒక రోజు, ఆమెది ఇంకో రోజు. ఆయన గోదాములో చేరిన నాటినుంచి ఆ రెండూ కలవలేదు. ఈసారి బట్టల గదిలో తన జోడీతో రోజు మార్చుకుంది. ఇవాళ రాత్రి ఆయన డ్యూటీకి వెళ్ళడు, రేపు ఆమె వెళ్ళదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒక సినిమా, పేర్లు పడ్డప్పటినుంచి పేర్లు పడేదాకా చూస్తారు. సినిమా కూడా ఆయన ఎప్పుడో ఎంచి పెట్టాడు. బొమ్మ చూసి ఎంచుతాడాయన. ఒక పడవ, పడవనిండా వంటసామాను, ఒకావిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది. ఏ భాషదో తెలీదు, కింద అక్షరాలు పడతాయి. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఒట్టు. చూడ్డానికి చిన్న కోరికే. కానీ ఆమె ఈ మధ్య దేని కోసమూ ఇంతగా ఎదురుచూడలేదు.

బట్టల గది ఆస్పత్రి అడుగున ఉంటుంది. కిటికీలు లేవు. బ్లీచింగు వాసన ముక్కుకి తెలియడం ఎప్పుడో మానేసింది. పై అంతస్తులనుంచి మాసిన దుప్పట్లు బండ్లలో దిగుతాయి. పుట్టినవాళ్ళ దుప్పటీ, పోయినవాళ్ళ దుప్పటీ ఒకే బండిలో. ఉతికాక ఏది ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడు. తడి దుప్పట్లు వేడి రోలరు మెషీనులోకి ఒక పక్కనుంచి వెళ్ళి ఇంకో పక్క పొగలు కక్కుతూ వస్తాయి. వాటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి, దగ్గరికొచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి మడవాలి. ఆమె మణికట్ల మీద కాలిన మచ్చలు ఒకదాని మీద ఒకటి పడి, ఎక్కడ కాలిందో లెక్క తప్పిపోయింది.

ఆమె జోడీని అందరూ పొడుగమ్మాయి అంటారు. దుప్పటి అవతలి కొస ఎప్పుడూ కాస్త ఎత్తులోనే ఉంటుంది.

"అక్కా, రాత్రి సినిమా ఏడిపించిందా?"

"నా సగం ఎప్పుడు నవ్వించింది కనక?"

నిజమే. ఆయన సగంలో పాటలుంటాయి, సరసాలుంటాయి, కొత్త ఊరికి రావడాలూ కొత్త ఉద్యోగాలూ ఉంటాయి. ఆమె వాటాకి ఆస్పత్రులు, అపార్థాలు, వానలో నిలబడి ఏడవడాలు. ఇన్నేళ్ళుగా ఆయన ఆరంభాలే చూశాడు, ఆమె అంతాలే చూసింది. అందుకేనేమో, ఏ కబురొచ్చినా ఆయన "మంచిదే అయ్యుంటుంది" అంటాడు, ఆమె "ఏం మునిగిందో" అంటుంది.

"మీ ఆయన మొదటి సగం బాగా చెప్తాడా?"

"సినిమా కంటే బాగా చెప్తాడు. అదే గొడవ."

ఆ గొడవేంటో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకసారి జ్వరమొచ్చి ఇంట్లో ఉన్నప్పుడు, ఆయన నిద్రపోతుంటే, అంతకుముందు విన్న సినిమా ఒకటి మొదటినుంచి పెట్టుకుంది. ఆయన చెప్పిన దాంట్లో ఒక కుంటి కుక్క ఉంది. హీరో వెంటే తిరిగేది, వాడు తిన్నదాంట్లో దానికీ పెట్టేవాడు. తెర మీద కుక్క లేదు. వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి వెతికింది. లేదు. అప్పటినుంచి గమనిస్తే, ఆయన చెప్పే ప్రతి మొదటి సగంలోనూ ఎక్కడో ఒక కుక్క ఉంటోంది. మర్నాడు తప్పకుండా అడుగుతాడు, కుక్క ఏమైందని. లేని కుక్కకి రెండో సగం ఎవరు రాస్తారు? ఆమే రాసేది. ఎంతమంది హీరోలు పోయినా, కుక్క మాత్రం ప్రతిసారీ బతికి బయటపడేది.

ఆయన కుక్కల్ని కల్పించేవాడని ఆమెకి తెలుసు. ఆమె వాటిని బతికిస్తోందని ఆయనకి తెలుసో లేదో ఆమె అడగలేదు. ఒకసారి ఆయన మొదటి సగం చెప్పి వెళ్ళిన సినిమా, ఆమె ఇల్లు చేరేసరికి మాయమైపోయింది. "ఈ సినిమా ప్రస్తుతం అందుబాటులో లేదు" అని తెర మీద పడింది. ఖాతాలో ఇదొక దిక్కుమాలిన పద్ధతి. అన్నం ముందు కూర్చోబెట్టి విస్తరి లాగేస్తారు. ఆ సాయంత్రం ఆమె చీకటి తెర ముందు కూర్చుని ముగింపు తనే అల్లింది. తప్పిపోయిన తమ్ముడు ఇల్లు చేరాడు, అమ్మ కళ్ళు తెరిచింది. మర్నాడు విని ఆయన క్యారియరు మెట్టు మీద పెట్టాడు. "వీడు ఇన్నాళ్ళకి ఒక మంచి సినిమా తీశాడే," అన్నాడు.

మధ్యాహ్నం దాటాక రోలరు మెషీను పెద్దగా మూలిగి ఆగిపోయింది. మెకానిక్కు వచ్చి, దాని పొట్ట విప్పి, తల గోక్కున్నాడు. తడి దుప్పట్లు బండ్లలో గుట్టలు పడ్డాయి. పైనుంచి ఆపరేషన్ గదివాళ్ళు ఫోను మీద ఫోను. మెషీను మళ్ళీ కదిలేసరికి మిగిలినదంతా చూసి సూపర్‌వైజరు, ఇది అయ్యేదాకా ఎవరూ కదలొద్దన్నాడు.

ఆమె ఆయన దగ్గరికి వెళ్ళింది. "సార్, ఇవాళొక్కరోజు నేను వెళ్ళాలి," అంది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట అనడం ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఎవరికైనా బాలేదా?"

ఆమె ఏమని చెప్తుంది? మా ఆయనతో కలిసి సినిమా చూడాలని చెప్తే నవ్విపోతారు. "లేదు, అందరూ బాగానే ఉన్నారు," అంది.

"వెళ్ళక్కా, నేను చూసుకుంటా," అంది పొడుగమ్మాయి. కానీ దుప్పటి ఒక్కరివల్ల మడతపడదు. ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస నేల మీద జీరాడుతుంది, మళ్ళీ ఉతుకే. ఆ పిల్ల తనకి సెలవిచ్చిన పిల్ల. ఆమె ఉండిపోయింది.

ఫోన్లు బయట బీరువాలో పెట్టి రావాలి. అయిదు నిమిషాలు అడిగి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు.

"ఇవాళ ఆలస్యమవుతుంది. మెషీను చచ్చింది. నువ్వు బస్టాపుకి రావద్దు, ఇంట్లోనే ఉండు."

"సరే మేడం."

"వెనక ఆ నీళ్ళ చప్పుడేంటి?"

"కుళాయి."

"రొప్పుతున్నావేం?"

"అది కట్టేద్దామని పరిగెత్తా."

"ఆ సినిమా ముట్టుకున్నావో, చేతులు విరగ్గొడతా. ఇద్దరం కలిసి మొదట్నుంచి చూడాలి."

"మొదట్నుంచే చూద్దాం," అన్నాడాయన. ఇంకేదో అనబోయాడు. లోపల గంట కొట్టారు. ఆమె ఫోన్ పెట్టేసింది.

పని అయ్యేసరికి వేళ్ళ కొసలకి స్పర్శ తెలియకుండా పోయింది. బస్సు దిగాక, రావద్దన్నది తనే అయినా, బల్ల వైపు చూసింది. ఎవరో కాలేజీ పిల్లలు కూర్చుని ఉన్నారు. రోజూ ఈపాటికి ఒక కథ సగం విని ఉండేది. ఈ రోజుకి కథ ఇంట్లోనే ఉందనుకుంటూ వడివడిగా నడిచింది. మెట్ల మలుపులో ఆమెక్కూడా ఆయాసమొచ్చింది. "ఇంటర్వెల్," అనుకుని తనలో తనే నవ్వుకుంది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. గదిలో దీపం లేదు. టీవీలో కొండలు, మేఘాలు. చాలాసేపు ఎవరూ ఏమీ నొక్కకపోతే అది చూపించే బొమ్మలు. ఆయన తన కుర్చీలో, గడ్డం గుండెకానించుకుని ఉన్నాడు. కాపలా కుర్చీలో అలవాటైన నిద్ర అది, ఇంట్లో కూడా అలాగే పడుకుంటాడు. రిమోటు ఆమె కుర్చీలో దిండు మీద ఉంది.

దాన్ని అక్కడ చూడగానే ఆమెకి అనుమానమొచ్చింది. తీసి నొక్కింది. కొండలు పోయి పడవ వచ్చింది. పడవలో ఆవిడ, చేతిలో గరిటె, ఒడ్డు వైపు చూస్తూ ఆగిపోయి ఉంది. కింద ఎర్రగీత సరిగ్గా సగంలో నిలబడింది.

ఒళ్ళు మండిపోయింది ఆమెకి. రిమోటుని దిండు మీదకి విసిరికొట్టి వంటింట్లోకి వెళ్ళింది. టీకి నీళ్ళు పెడుతూ అక్కడినుంచే అందుకుంది.

"ఒక్క పూట ఆగలేకపోయావా? నేనక్కడ చేతులు కాల్చుకుంటూ వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలుకుంటుంటే, నువ్విక్కడ కాలు మీద కాలేసుకుని సగం సినిమా మింగేశావు. కుళాయట, కుళాయి! ఫోన్లో కూడా అబద్ధమే. ఇప్పుడేంటి, నాకు కథ చెప్పి మిగతాది కలిసి చూద్దామంటావా? దీనికోసమా నేను రెండు ఆదివారాలు పోగొట్టుకుంది? పలకవేం?"

తప్పు చేసినప్పుడు నిద్ర నటించడం ఆయనకి కొత్త కాదు. టీ మరిగేదాకా ఆమె తిడుతూనే ఉంది. తిట్టగా తిట్టగా కోపం అడుగంటింది. రెండు గ్లాసుల్లో పోసి, ఆయన గ్లాసులో ఒక చెంచా పంచదార ఎక్కువేసి తీసుకెళ్ళింది.

"లే. తిట్టడం అయిపోయిందిలే. చెప్పు, ఏమైంది ఆవిడకి?"

గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. చెయ్యి పట్టుకోలేదు. వేడి టీ మొత్తం ఆయన ఒళ్ళో ఒలికింది. ఆయన ఉలిక్కిపడలేదు.

పక్కింటాయన పిలిస్తే అంబులెన్సు వచ్చింది. వచ్చినతను మణికట్టు పట్టుకుని చూసి, "చాలాసేపైందమ్మా," అన్నాడు మెల్లిగా. వాళ్ళు ఆయన మీద కప్పిన దుప్పటి ఆస్పత్రిది. అంచు దగ్గర మడత గీత చూడగానే అది తమ గదిలో మడిచినదేనని ఆమెకి తెలిసిపోయింది. మెట్ల మలుపు ఇరుకు. అక్కడ మోసేవాళ్ళు స్ట్రెచరు తిప్పలేక కాసేపు ఆగారు.

కూతురు వచ్చి, అమ్మని పట్టుకుని, ఊపిరాడనంతగా ఏడ్చింది. కొంత తేరుకున్నాక అంది: "మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడమ్మా. టీవీ మళ్ళీ కోడ్ అడుగుతోందట. ఈ టీవీ మీ ఇంటిది కాదంటోంది, మరెవరింటిదో కనుక్కో అని నవ్వించాడు. అమ్మకి మాత్రం చెప్పకన్నాడు."

"ఎందుకట?"

"కింద పడే అక్షరాలు తను గబగబా చదవలేడట. ఒక్కడే ఉంటే ఆపి ఆపి చదువుకుంటాడట. రాత్రి నీ పక్కన కూర్చుని మాటిమాటికీ ఆపితే నీకు చూసిన సుఖం ఉండదట. అందుకని ముందే ఒకసారి చూసి పెట్టుకుంటానన్నాడు. ఆపకుండా మీ అమ్మతో సమానంగా చూడాలి, ఇవాళ పరీక్ష నాకు అన్నాడమ్మా."

ఆమె ఆయన కుర్చీ వైపు చూసింది. మొత్తం చూసి పెట్టుకుందామనుకున్న మనిషే. సగానికొచ్చేసరికి చెయ్యి అలవాటు ప్రకారం ఆపేసి ఉంటుంది. ఆపి, లేచి, రెండడుగులు వేసి, రిమోటుని ఆమె దిండు మీద పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుని ఉంటాడు. అంతదూరం నడిచిన మనిషిని, కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే, టీ మరిగేదాకా తిట్టింది తను. ఆ తిట్లు ఆయన విన్నాడా అని అడగడానికి కూడా ఎవరూ లేరు. విన్నా బాధే, వినకపోయినా బాధే.

కూతురు కళ్ళు తుడుచుకుని టీవీ వైపు చూసింది. గరిటె పట్టుకున్నావిడ పోయి మళ్ళీ కొండలు వచ్చాయి. "కట్టెయ్యనా అమ్మా?" అంది. అమ్మ ఆ కొండలనే చూస్తుంటే, ఏం చెయ్యాలో తోచక, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. "ఆ సినిమా ఎక్కడికీ పోదులే. నీకు చూడాలనిపించినప్పుడు మొదట్నుంచి పెడతా. వెనక్కి తిప్పితే వచ్చేస్తుంది."

"వస్తుంది," అందామె. "అందులో కుక్క ఉండదే."

కూతురికి అర్థం కాలేదు. అమ్మని ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరూ గోడకానుకుని నేల మీదే కూర్చున్నారు.

కుర్చీలో, ఆమె దిండు మీద, విసిరికొట్టినప్పుడు పడ్డట్టే బోర్లా పడి ఉంది రిమోటు, ఊడిపోయే బ్యాటరీ మూతకి ఆయన చుట్టిన రబ్బరుబ్యాండుతో.